గుత్తి నీలి సాలీడు ఏం తింటుంది? ఎందుకు మానేస్తుంది?



మన ఆలంపూర్ రోడ్ స్టేషన్‌లో దక్షిణానికి పోయే రైలు ఎక్కితే తుంగభద్ర వంతెన దాటి కర్నూలు, ఆ తరువాత డోన్, ఆ పైన గుత్తి వస్తాయి. గుత్తి అనగానే మనకు కోట గుర్తుకొస్తుంది, రైల్వే జంక్షన్ గుర్తుకొస్తుంది. కానీ అమెరికా, జర్మనీ, ఇంగ్లండు వంటి దేశాలలో కొందరికి ఆ పేరు వినగానే గుర్తుకొచ్చేది ఒక సాలీడు. మనం కుక్కనో చిలుకనో పెంచుకున్నట్టు వాళ్లు పెద్ద పెద్ద సాలీళ్లను గాజు పెట్టెలలో పెంచుకుంటారు. వాటిని టరాంటులాలు అంటారు. అలా పెంచే వాటిలో ఎంతో పేరున్న ఒక దానిని వాళ్లు ‘గుత్తి సఫైర్’ అని పిలుస్తారు. సఫైర్ అంటే నీలమణి. పేరుకు తగ్గట్టే అది నీలంగా మెరుస్తుంది.

ఈ వార్షికోత్సవ సంచికకు శాస్త్ర విషయం మీద ఒక వ్యాసం ఇవ్వాలనుకున్నప్పుడు, మనకు దగ్గరలో పుట్టి, మనకే తెలియకుండా లోకమంతా తిరిగిన ఈ జీవి గురించి రాద్దామనిపించింది. అందులోనూ దాని తిండి సంగతి. హాస్టల్ వాళ్లు తిండి గురించి కాక ఇంకేం రాస్తారని మీరు నవ్వినా మాకేం ఇబ్బంది లేదు. నిజానికి ఈ సాలీడు తినే తీరు కన్నా, తినకుండా ఉండే తీరే ఎక్కువ విచిత్రంగా ఉంటుంది. 

రైలు కలపలో దొరికినది

1899లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్ అనే శాస్త్రవేత్త ఈ సాలీడును మొదటిసారి వర్ణించి, పొయెసిలోథెరియా మెటాలికా అని పేరు పెట్టాడు. పొయెసిలోథెరియా అంటే గ్రీకు భాషలో రంగురంగుల మచ్చల మృగం అని అర్థం వస్తుంది. ఆయన ముందున్నది ఒకే ఒక్క నమూనా. అది గుత్తిలో రైల్వే వాళ్లు కలప నిల్వచేసే చోట దొరికింది. అదే సంవత్సరం ఆయన ఇదే కుటుంబానికి చెందిన మరో సాలీడును అరక్కోణం నుంచి వర్ణించాడు. అదీ రైల్వే జంక్షనే. దొరలు రైలు దిగిన చోటల్లా సాలీడు పట్టారా అనిపిస్తుంది!

ఆ తరువాత నూరేళ్లకు పైగా గుత్తి సాలీడు మళ్లీ శాస్త్రజ్ఞుల కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య ఉన్న నల్లమల అడవిలో అది బతికే ఉందని తేలింది. గుత్తి చుట్టూ ఉన్నది బండల నేల, ముళ్లపొదల నేల. చెట్టు తొర్రలో ఉండే సాలీడు అక్కడిది అయి ఉండదనీ, అడవిలో నరికిన కలప దుంగలతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందనీ తరువాతి పరిశోధకులు అనుకున్నారు. అంటే అది దొరికిన ఊరు దాని సొంత ఊరు కాదు. స్కూలు సర్టిఫికెట్‌లో ఏదో తేదీ పడి, అదే జీవితాంతం పుట్టినరోజై కూర్చున్నట్టు, దానికి గుత్తి అనే పేరు స్థిరపడిపోయింది.

2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీనిని ‘తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న’ జీవుల జాబితాలో చేర్చింది. అప్పటి లెక్క ప్రకారం అది బతికే అడవి విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల లోపు. పెద్ద పులికి సాధారణంగా వచ్చే శ్రద్ధ ఈ ఎనిమిది కాళ్ల ప్రాణికి ఎప్పుడూ రాలేదు.

గోడ మీది సాలీడు ఇది కాదు

ఒక మాట ముందే చెప్పాలి. మన హాస్టల్ స్నానాల గదిలో, స్టోరు రూము గోడల మీద రాత్రిళ్లు కనిపించే వెడల్పాటి గోధుమరంగు సాలీడు టరాంటులా కాదు. అది వల కట్టదు. గోడకు చప్పిడిగా అతుక్కుని ఉంటుంది, చూస్తుండగానే పక్కకు పరుగెత్తుతుంది. ఆడది అయితే తెల్లటి బిళ్ల లాంటి గుడ్ల సంచిని కడుపు కింద పట్టుకుని తిరుగుతుంది. దీని ముఖ్యమైన ఆహారం బొద్దింకలు. మనం చెప్పు తీసుకుని దానిని కొట్టి, మర్నాడు బొద్దింకల మందు కోసం డబ్బులు పోగుచేస్తాం. ఈ లెక్కలో ఎవరికి లాభమో మెస్సు బాధ్యులు ఆలోచించాలి.

టరాంటులా వేరే రకం. ఒంటినిండా నూగు, బరువైన శరీరం, లావుపాటి కాళ్లు. ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. దక్షిణ అమెరికాలో ఉండే గోలియత్ అనే జాతి కాళ్లు చాచితే దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే మన అన్నం పళ్లెమంత. మన గుత్తి సాలీడు అంత కాదు, 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. నేలలో బొరియ తవ్వుకునే జాతులు కొన్ని, చెట్ల మీద బతికేవి కొన్ని. గుత్తి సాలీడు చెట్టు మీదిది.

ఇవి పక్షుల్ని తింటాయని పాత పేరు. 1705లో మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి సూరినాం దేశపు పురుగుల మీద వేసిన బొమ్మల పుస్తకంలో, జామకొమ్మ మీద ఒక పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటున్నట్టు గీసింది. ఆడమనిషి కల్పించి గీసిందని చాలాకాలం కొందరు పండితులు కొట్టిపారేశారు. 1863లో హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవిలో సాలీడుకు చిక్కిన పిట్టలను తన కళ్లతో చూసినట్టు రాశాక గానీ వాళ్ల నోళ్లు మూతపడలేదు. అయితే పిట్ట దొరకడం అరుదు. టరాంటులాల రోజువారీ ఆహారం పురుగులే. మిడతలు, బొద్దింకలు, కీచురాళ్లు, రాత్రిపూట ఎగిరే పెద్ద రెక్కల పురుగులు.

నమలకుండా తినడం

ఇంటర్ బైపీసీ చదివిన వాళ్లకు బొద్దింక నోటిభాగాలు గుర్తుండే ఉంటాయి. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాం కదా. బొద్దింకకు కొరికి నమిలే దవడలు ఉన్నాయి. సాలీడుకు అవి లేవు. మూతి ముందు కెలిసెరాలు అనే రెండు బలమైన భాగాలు, వాటి చివర లోపల విషనాళం ఉన్న రెండు కోరలు, అంతే. గట్టి ముక్కను మింగే దారి దానికి లేదు. మరి అంత పెద్ద బొద్దింకను ఎలా తింటుంది?

మొదట అది తెలుసుకోవడం చూద్దాం. టరాంటులాకు ఎనిమిది కళ్లు ఉన్నాయి గానీ చూపు అంతంత మాత్రమే. వెలుగు చీకట్లు, కదలికలు తెలుస్తాయి. దాని అసలు జ్ఞానమంతా కాళ్లలో ఉంది. కాళ్ల మీది సన్నని వెంట్రుకలకు గాలి కదిలినా తెలుస్తుంది. కాళ్ల కీళ్ల దగ్గర ఉన్న సన్నని చీలికల ద్వారా చెట్టు బెరడు మీద పురుగు నడిచే అదురు తెలుస్తుంది. గుత్తి సాలీడు తన తొర్ర మూతి దగ్గర పట్టుదారంతో గరాటు లాంటి గూడు అల్లుకుని, పగలంతా లోపల దాక్కుని, చీకటి పడ్డాక మూతి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. వెతుక్కుంటూ పోదు. ఏదో ఒకటి దగ్గరికి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఒక గంట కావచ్చు, ఒక రాత్రి కావచ్చు, పది రాత్రులు కావచ్చు.

పురుగు దగ్గరికి వచ్చిందా, ఇక కంటికి ఆనదు. ముందు కాళ్లతో, పెడిపాల్ప్‌లతో దానిని ఒడిసిపట్టి కిందికి అదిమి, కోరలు దించేస్తుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన ఇళ్లలో కనిపించే మామూలు సాలీళ్ల కోరలు పటకారులాగా రెండు పక్కల నుంచి ఒకదానికొకటి ఎదురుగా కలుస్తాయి. టరాంటులా కోరలు రెండూ పక్కపక్కనే ఉండి గడ్డపారలాగా పైనుంచి కిందికి దిగుతాయి. అందుకే అది కాటు వేయబోయే ముందు శరీరం ముందుభాగాన్ని పైకి ఎత్తుతుంది. గడ్డపార దించాలంటే చేతులెత్తాలి కదా. బావి తవ్వకం చూసిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కరలేదు.

విషం ఎరను కదలకుండా చేస్తుంది. తరువాత వంట మొదలవుతుంది. వంట అని ఊరికే అనడం లేదు. మన కడుపులో జరిగే జీర్ణం దానికి బయటే జరుగుతుంది. పొట్టలోని జీర్ణరసాలను ఎర మీదికి కక్కుతుంది. కెలిసెరాలతో ఎరను పిసుకుతూ, తిప్పుతూ, మళ్లీ రసం పోస్తూ ఉంటుంది. ఎర లోపలి మాంసం కరిగి జావలా అవుతుంది. ఆ జావను పీల్చుకుంటుంది. దీనికోసం దాని తలభాగంలో పంపులాగా సాగి ముడుచుకునే ‘పీల్చే పొట్ట’ ఒకటి ఉంటుంది. మూతి చుట్టూ ఉన్న దట్టమైన వెంట్రుకలు జల్లెడలా పనిచేసి గట్టి ముక్కలను ఆపేస్తాయి. పెద్ద పురుగైతే ఈ పని గంటల తరబడి సాగుతుంది. చివరికి రెక్కలు, కాళ్ల పెంకులు, మిగిలిన పొట్టు అంతా కలిసి చిన్న ఉండగా మిగులుతుంది. చెరకు నమిలి పిప్పి ఊసినట్టు, ఆ ఉండను దూరంగా పడేస్తుంది.

పెంపకందారులు పొద్దున్నే పెట్టెలో వెతికేది ఈ పిప్పి ఉండనే. అది కనిపిస్తే రాత్రి భోజనం అయినట్టు లెక్క. దానిని తీసెయ్యకపోతే బూజు పడుతుంది, పురుగులు పడతాయి. కొన్ని టరాంటులాలు ఎరను పట్టిన తరువాత నోట్లో పెట్టుకునే గుండ్రంగా తిరుగుతూ నేలమీద పట్టుదారం పరుస్తాయి. పెంపకందారులు దానిని సంతోష నాట్యం అంటారు. సంతోషమో కాదో సాలీడుకే తెలియాలి. విస్తరి వేసుకుని కూర్చున్నట్టు మాత్రం ఉంటుంది.

వారానికి ఒక కీచురాయి

పెంపుడు సాలీడుకు పెట్టే ఆహారంలో ముఖ్యమైనది కీచురాయి. కొన్నిచోట్ల ఇలకోడి అంటారు. దానితో పాటు అందుకోసమే పెంచిన బొద్దింకలు, మిడతలు, పిండిపురుగులు పెడతారు. పురుగు ఎంత పెద్దది ఉండాలన్న దానికి వాళ్లకు ఒక మోటు లెక్క ఉంది. సాలీడు పొట్ట కన్నా పెద్దది పెట్టకూడదు. వేలిగోరంత పిల్ల సాలీడుకైతే చిన్న ఈగలో, చంపిన కీచురాయి కాలో చాలు. పిల్లలు చచ్చిన పురుగును కూడా తింటాయి. పెరిగే వయసు కాబట్టి వాటికి వారానికి ఒకటి రెండు సార్లు పెడతారు. పెద్దవాటికి వారానికి, పది రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు ఒక్క పురుగు.

రెండు వారాలకు ఒకటి! మొదట చదివినప్పుడు ఇది అచ్చుతప్పు అనుకునేలా ఉంటుంది. కారణం ఏమిటంటే, ఊరికే కూర్చుని ఉన్న సాలీడు శరీరం ఖర్చుపెట్టే శక్తి చాలా తక్కువ. అదే బరువున్న చాలా జంతువుల కన్నా తక్కువ. ఒంటిని వెచ్చగా ఉంచుకోవలసిన పని దానికి లేదు. వేటకోసం తిరిగే పని లేదు. ఖర్చు లేని ఇంట్లో ఒక నెల జీతం మూడు నెలలు వచ్చినట్టు, ఒక భోజనం దానికి చాలారోజులు వస్తుంది.

ఎక్కువ పెడితే? పొట్ట గోళీలా ఉబ్బిపోతుంది. టరాంటులా పొట్ట తోలు చాలా పల్చన. ఉబ్బిన పొట్టతో పైనుంచి పడితే పగిలి చచ్చిపోతుంది. కాబట్టి ప్రేమకొద్దీ పెట్టేవాడి కన్నా లెక్కగా పెట్టేవాడి దగ్గరే సాలీడు ఎక్కువకాలం బతుకుతుంది.

తిండి విషయంలో ఇంత సర్దుకునే జీవి నీళ్ల విషయంలో సర్దుకోదు. దీని వెనుక చక్కని శాస్త్రం ఉంది. మనం కాలు ముడవడానికి ఒక కండరం, చాచడానికి ఒక కండరం ఉన్నాయి. సాలీడు కాళ్లలో ముఖ్యమైన కీళ్ల దగ్గర ముడిచే కండరాలే ఉన్నాయి, చాచేవి లేవు. శరీరంలోని రక్తద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి తోసి వాటిని చాచుతుంది. జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టు. ఒంట్లో నీరు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది. కాళ్లు కడుపు కిందికి ముడుచుకుపోతాయి. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుని పడి ఉండటం మనమంతా చూసిందే, ఎందుకో ఇప్పుడు తెలిసింది. అందుకే పెంపకందారులు పెట్టెలో చిన్న మూకుడులో నీళ్లు ఎప్పుడూ ఉంచుతారు. తిండి మర్చిపోయినా ఫరవాలేదు, నీళ్లు మర్చిపోకూడదు.

ఇంకొక జాగ్రత్త ఉంది. అది మన జిల్లాల వాళ్లకు బాగా అర్థమవుతుంది. పొలంలో పట్టిన మిడతను, పురుగును పెంపుడు సాలీడుకు పెట్టరు. పత్తి, మిరప చేలలో మందు కొట్టాక ఆ పురుగు ఒంట్లో మందు ఉంటుంది. పురుగు ఇంకా చావకపోవచ్చు, కానీ దానిని తిన్న సాలీడు చస్తుంది. గాజుపెట్టెలో ఉన్న సాలీడుకైతే యజమాని మంచి పురుగును కొని తెచ్చి పెడతాడు. చేను గట్టున ఉన్న చెట్టు మీది సాలీడుకు ఆ వసతి లేదు.

ఉపవాసం

టరాంటులా పెంచేవాళ్లను కంగారు పెట్టే విషయం ఒక్కటే. ఉన్నట్టుండి తినడం మానేస్తుంది. కీచురాయిని పెడితే వెనక్కి జరుగుతుంది. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది. కొన్ని జాతులు, ముఖ్యంగా చిలీ దేశపు గులాబీరంగు టరాంటులా, ఏడాదికి పైగా తినకుండా ఉండి మళ్లీ మామూలుగా తిన్న సందర్భాలు ఉన్నాయి. కొత్తగా పెంచేవాళ్లు జబ్బు చేసిందనుకుని రకరకాల పురుగులు తెచ్చి పెడతారు. చాలాసార్లు అది జబ్బు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన కారణం కుబుసం. పాఠ్యపుస్తకం మాటలో నిర్మోచనం. సాలీడు ఒంటి పైపెంకు సాగదు. పెరగాలంటే పాత పెంకును విడిచి కొత్తది వేసుకోవాలి. పిల్లలు తరచుగా విడుస్తాయి, పెద్ద ఆడవి ఏడాదికోసారి విడుస్తాయి. ఆ పనికి కొన్ని రోజుల ముందు, ఒక్కోసారి నెలల ముందే తిండి మానేస్తుంది. ఆ రోజు వస్తే వెల్లకిలా పడుకుంటుంది. తెలియని వాళ్లు చచ్చిందనుకుని బయట పారేసే ప్రమాదం ఉంది. చచ్చిన సాలీడు సాధారణంగా వెల్లకిలా పడదు, నిలువునా కాళ్లు ముడుచుకుంటుంది. వెల్లకిలా పడుకున్నది గంటల తరబడి శ్రమపడి, చేతికి తొడిగిన తొడుగు విప్పినట్టు ఎనిమిది కాళ్లనూ పాత కాళ్లలో నుంచి లాగుకుంటుంది.

ఒక్క పైతోలే కాదు, కోరల పెంకు కూడా ఊడుతుంది. నోటిలోపలి పొర ఊడుతుంది. ఇందాక చెప్పిన పీల్చే పొట్ట లోపలి పొర కూడా ఊడి పాత కుబుసంతో పాటే బయటికి వస్తుంది. అంటే వంటగదిని, పొయ్యిని, పాత్రలను అన్నింటినీ ఒకేసారి తీసేసి కొత్తవి పెట్టడం. ఆ సమయంలో తిండి ఎలా తింటుంది?

కొత్త కోరలు మొదట తెల్లగా, మెత్తగా ఉంటాయి. తరువాత ఎర్రబడి, చివరికి నల్లబడి గట్టిపడతాయి. పెంపకందారులు కోరల రంగు చూసే తిండి పెడతారు. పిల్లకైతే నాలుగైదు రోజులు, పెద్దదానికైతే పది రోజులు, రెండు వారాలు ఆగుతారు. ఈలోగా బతికున్న కీచురాయిని పెట్టెలో వదిలితే కథ తిరగబడుతుంది. మెత్తగా, కదలలేక పడున్న సాలీడును కీచురాయే కొరికి తినేస్తుంది. వేటగాడు, వేట అనే పేర్లు కోరల గట్టిదనం ఉన్నంతవరకే. అందుకే రాత్రి పెట్టిన పురుగును తెల్లారేసరికి తినకపోతే తీసెయ్యాలన్నది వాళ్లలో గట్టి నియమం.

మగ సాలీడు సంగతి మరోలా ఉంటుంది. చివరి కుబుసం విడిచి పెద్దదయ్యాక దానికి తిండి మీద ధ్యాస తగ్గిపోతుంది. ఆడదానిని వెతుక్కుంటూ తొర్ర విడిచి తిరుగుతుంది. ఆ తరువాత కొన్ని నెలలు, మహా అయితే ఏడాది పైచిలుకు బతుకుతుంది. గుత్తి సాలీడులో ఆడది పది పన్నెండేళ్ల వరకు బతకగలదు.

మూడో కారణం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. దాక్కోవడానికి చోటు లేకపోతే సాలీడు తినదు. గాజుపెట్టెలో మంచి కీచురాయి ఉంటుంది, నీళ్లు ఉంటాయి, వెచ్చదనం ఉంటుంది. కానీ నాలుగు పక్కలా వెలుగు, దూరడానికి ఒక చాటు లేకపోతే మూలకు ముడుచుకుని కూర్చుంటుంది. గుత్తి సాలీడును పెంచేవాళ్లు పెట్టెలో నిలువుగా ఒక డొల్ల బెరడు ముక్కను నిలబెడతారు. దాని వెనుక చేరి, పట్టుదారం అల్లుకుని, తనదంటూ ఒక మూతి ఏర్పడ్డాక గానీ తినడం మొదలుపెట్టదు. మొదటిరోజు హాస్టల్‌కు ట్రంకుపెట్టెతో వచ్చి, పెట్టె పెట్టుకోవడానికి ఒక మూల దొరికేదాకా అన్నం సహించని పిల్లలను చూసిన వాళ్లం మనం.

తొర్ర ఉంటేనే భోజనం

ఇప్పుడు మళ్లీ నల్లమలకు వద్దాం. గుత్తి సాలీడుకు ఆహారం కొరత పెద్దగా ఉండదు. తొలకరి పడితే అడవినిండా రెక్కల పురుగులే. తక్కువ తిండితో ఎక్కువకాలం గడపడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. వేసవిలో పురుగులు తగ్గినా ఓర్చుకుంటుంది. అది ఓర్చుకోలేనిది చెట్టు పోవడాన్ని.

తొర్ర పడేది ముదురు చెట్టుకే. పడుచు చెట్టుకు తొర్ర ఉండదు. వంటచెరకుకు, కలపకు నరికేటప్పుడు తొర్రచెట్టు ఎందుకూ పనికిరాదనుకుని మొదట దానినే కొట్టేస్తారు. మళ్లీ మొక్క నాటితే చెట్టు వస్తుంది గానీ, దానికి తొర్ర పడటానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. 2008లో ఐయూసీఎన్ ఈ సాలీడుకు ప్రమాదాలుగా చెప్పినవి ముఖ్యంగా రెండు. ఒకటి అడవి నరకడం, రెండోది పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోవడం. తొర్రలు తక్కువైన చోట ఈ రకం సాలీళ్లు ఒకే తొర్రలో కొన్ని కలిసి ఉండటం కూడా ఉంది. మామూలుగా సాలీడు సాలీడును తినేస్తుంది. వీటిలో మాత్రం కొంత సర్దుబాటు కనిపిస్తుంది. కలిపి పెంచిన పిల్లలు ఒకే ఎర చుట్టూ చేరి తింటాయని పెంపకందారులు చెబుతారు.

వ్యాపారం సంగతి కొంచెం చెప్పాలి. ఇది మొదట విదేశాల బజారులోకి వచ్చినప్పుడు ఒక్కో పిల్ల ధర వందల డాలర్లు పలికింది. తరువాత అక్కడే గుడ్లు పెట్టించి పిల్లలను తీయడం నేర్చుకున్నాక ధర బాగా పడిపోయింది. ఇప్పుడు అక్కడి బజారులో ఉన్నవి చాలావరకు అక్కడ పుట్టినవే. మన దేశం అడవి జంతువుల ఎగుమతిని అనుమతించదు. మరి మొదటి జత ఎలా ఓడ దాటిందని ఎవరైనా అడిగితే జవాబు మీరే ఊహించుకోవచ్చు. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో, శ్రీలంక, అమెరికా ప్రతిపాదన మీద పొయెసిలోథెరియా జాతులన్నిటినీ రెండవ అనుబంధంలో చేర్చారు. అంటే అనుమతి పత్రం లేకుండా దేశాల మధ్య అమ్మకం, కొనుగోలు కుదరదు. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా సైటిస్ జాబితా జీవులను తన పరిధిలోకి తెచ్చుకుంది.

కాబట్టి, ఇదంతా చదివి ఒక సీసాలో సాలీడును పెట్టి కీచురాళ్లు వేద్దామని మన చిన్న తరగతుల తమ్ముళ్లకు ఎవరికైనా అనిపిస్తే, వద్దు. చట్టం ఒక కారణం. కాటు రెండో కారణం. దక్షిణ అమెరికా టరాంటులాలు కొన్ని పొట్ట మీది దురద వెంట్రుకలను విసిరి తమను కాపాడుకుంటాయి. మన వైపు వాటికి ఆ వెంట్రుకలు లేవు. అందుకని నేరుగా కాటు వేస్తాయి, మెరుపులా కదులుతాయి. మనిషి చనిపోయినట్టు రుజువైన సందర్భం లేదు గానీ, పొయెసిలోథెరియా కాటు వేస్తే తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉంటుంది. ఏళ్ల తరబడి పెంచుతున్న వాళ్లు కూడా చేత్తో తిండి పెట్టరు, పొడవాటి పటకారుతో పెడతారు. ఆకలిగా ఉన్న సాలీడుకు వేలు కదిలినా పురుగు కదిలినా ఒకటే అదురు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో కడిగి, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కోయడం, తాడుతో కట్టడం, మంత్రం వేయించడం వద్దు.

చూడటం మాత్రం తప్పులేదు. చూసే కన్ను మనకు కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం ‘శ్రీ’ అంటే సాలెపురుగే, ఏనుగు కన్నా పాము కన్నా ముందు దానినే తలచుకున్నారు మన పెద్దలు. ఈ రకం సాలీళ్లలో అరక్కోణం పేరుతో వర్ణించిన జాతి తూర్పు కనుమలలోనూ పడమటి కనుమలలోనూ విస్తారంగా ఉంది. సెలవులకు అడవి పక్క ఊళ్లకు వెళ్లే మిత్రులు, చీకటి పడ్డాక పెద్దవాళ్లను తోడు తీసుకుని ముదురు చింత, మామిడి, మద్ది చెట్ల తొర్రలను నాలుగడుగుల దూరం నుంచి టార్చి వేసి చూడవచ్చు. టార్చికి ఎర్ర కాగితం చుడితే సాలీడు అంతగా బెదరదు. తొర్ర మూతి దగ్గర మురికిపట్టిన పట్టుదారం గరాటులా ఉందా, చెట్టు మొదట్లో రెక్కల ముక్కలు, నల్లటి పిప్పి ఉండలు రాలి ఉన్నాయా చూడండి. పుల్ల పెట్టి కెలకవద్దు. తేదీ, వేళ, చెట్టు పేరు, తొర్ర ఎంత ఎత్తులో ఉంది, అప్పుడు వాన ఉందా లేదా అన్నవి నోటుబుక్కులో రాసుకుని మీ జువాలజీ సారుకు గానీ, అటవీ శాఖ వారికి గానీ చూపండి. ఆ చెట్టు ఎక్కడుందో మాత్రం ఊరంతా చాటవద్దు, ఫోటో తీసి నలుగురికీ పంపవద్దు. కొత్త సాలీళ్లను వర్ణించే పరిశోధకులలో కొందరు ఈ మధ్య కచ్చితమైన చోటు రాయడం మానుకుంటున్నారు. ఆ వ్యాసాలు చదివేవాళ్లలో సంచీ పట్టుకుని బయలుదేరే వాళ్లు కూడా ఉంటారు.